లింకు పొట్టి చేసే ముందు: ఏ సర్వీసు, ఎందుకు, ఎన్నాళ్లకి

మా పిన్ని కూతురి పెళ్లికి కార్డు డిజైన్ పని నా మీద పడింది. వెబ్‌సైట్లు, ఫారాలు, ఫ్లెక్సీలు లాంటివి చిన్నాచితకా చేసిపెడుతుంటాను కాబట్టి ఇంట్లో ఏ ఫంక్షనైనా ఇదంతా నా ఖాతాలోకే వస్తుంది. ఫంక్షన్ హాలు ఊరి బయట, బైపాస్ దాటాక సందులో ఉంది, అందుకని కార్డు మీద మ్యాప్ లింకు, పక్కనే క్యూఆర్ కోడ్ వేద్దామని బాబాయి అన్నారు. నేను సరేనని, ఉచితం అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ఒక సైటులో లింకు పొట్టి చేసి, అక్కడే క్యూఆర్ కూడా తీసుకుని ప్రెస్సుకి పంపేశాను. 600 కార్డులు వచ్చాయి, పంచడం మొదలైంది. సరిగ్గా రెండు వారాలకి బాబాయి ఫోను: "ఒరే, నీ డబ్బా స్కాన్ చేస్తే హాలు చూపించట్లేదు, ఏదో డబ్బులు కట్టమంటోందేంట్రా?"

ఆ సైటులో ఉచితం అన్నది 14 రోజుల ట్రయల్. గడువు అయిపోగానే నేను చేసిన లింకుని వాళ్లు తమ ప్లాన్ల పేజీకి తిప్పేశారు. ఇంకా పంచని కార్డుల మీద స్టిక్కర్లు అంటించాం, కార్డు అందేసినవాళ్లకి వాట్సాప్‌లో లొకేషన్ పంపాం. పెళ్లి బాగానే జరిగింది కానీ, "ఇంజనీరు గారి లింకు" అని మా పెదనాన్న ఇప్పటికీ అందరి ముందూ అంటూనే ఉంటారు. అప్పటినుంచి ఈ పొట్టి లింకుల సంగతి కాస్త శ్రద్ధగా పట్టించుకున్నాను, ఏది ఎప్పుడు వాడాలో నాకంటూ ఒక పద్ధతి కుదిరింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు, అసలు పొట్టి చేయాలా?

పది సందర్భాల్లో ఆరేడింటికి అక్కర్లేదు, లింకులో ఉన్న చెత్త తీసేస్తే చాలు. అమెజాన్‌లో ఏదైనా వస్తువు లింకు కాపీ చేస్తే మూడు లైన్లు వస్తుంది కదా, అందులో నిజంగా కావలసింది సైటు పేరు, తర్వాత డీపీ అనే రెండక్షరాలు, ఆ తర్వాత వచ్చే పది అక్షరాల కోడు, అంతే. మిగతాదంతా మీరు ఏం వెతికి అక్కడికి వచ్చారు, ఎక్కడ నొక్కారు అని వాళ్లు రాసుకునే లెక్క. కోడు తర్వాత ఉన్నదంతా చెరిపేసి చూడండి, అదే పేజీ తెరుచుకుంటుంది.

యూట్యూబ్‌లో షేర్ నొక్కితే వచ్చేది ఎలాగూ పొట్టిదే. దాని చివర ప్రశ్న గుర్తు, ఎస్ఐ అని మొదలై ఒక తోక ఉంటుంది, ఎవరు ఎవరికి పంపారో పసిగట్టడానికి. దాన్ని తీసేయొచ్చు. అయితే బ్రౌజర్ అడ్రసు బారు నుంచి కాపీ చేసిన పొడుగు యూట్యూబ్ లింకులో మాత్రం ప్రశ్న గుర్తు తర్వాత 'వి ఈక్వల్స్' అని ఉన్నది వీడియో గుర్తింపు, దాన్ని కొట్టేస్తే వీడియో పోతుంది. ప్రశ్న గుర్తు కనబడగానే అక్కడినుంచి కత్తిరించేయడమే అనుకోకండి. యూటీఎం అని మొదలయ్యేవి, ఫేస్‌బుక్ తగిలించే ఎఫ్‌బీక్లిడ్, గూగుల్ ప్రకటనల జీక్లిడ్, ఇవి మాత్రం కళ్లు మూసుకుని కోసేయొచ్చు. కోశాక ఒకసారి వేరే ట్యాబులో తెరిచి చూసుకోండి, అంతే.

ఇంకొన్నింటికి సొంత పొట్టి లింకు వాళ్ల దగ్గరే ఉంటుంది. గూగుల్ ఫారమ్‌లో లింకు బొమ్మ దగ్గరికి వెళ్తే లింకుని కుదించే టిక్కు ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో షేర్ నొక్కితే వచ్చేది పొట్టిగానే వస్తుంది. షాపువాళ్లకైతే వాట్సాప్ వాళ్ల డబ్ల్యూఏ డాట్ ఎంఈ ఉంది, దాని తర్వాత ఏటవాలు గీత (స్లాష్) పెట్టి 91, ఆ వెంటనే మీ పది అంకెల నంబరు వేస్తే చాలు, నొక్కగానే మీతో చాట్ తెరుచుకుంటుంది. ముందు ప్లస్ గుర్తు, సున్నా పెట్టకూడదు. ఇలాంటి వాటిని తీసుకెళ్లి ఇంకో సర్వీసులో మళ్లీ పొట్టి చేసేవాళ్లని చూశాను. మధ్యలో ఇంకో దళారీని పెట్టుకోవడం తప్ప లాభమేమీ లేదు.

ట్విటర్, అదే ఇప్పటి ఎక్స్‌లో పెట్టడానికైతే అసలు శ్రమే దండగ. ఒకప్పుడు 140 అక్షరాల్లో అంతా ఇమడాలి కాబట్టి ఈ సర్వీసులకి అంత గిరాకీ వచ్చింది. ఇప్పుడు మీరు ఎంత పొడుగు లింకు పెట్టినా వాళ్లే తమ టీ డాట్ సీఓ లోకి మార్చేసి, 23 అక్షరాలుగా లెక్కేస్తారు.

తెలుగు లింకుల గోల

ఇది మనకి ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి. తెలుగు వికీపీడియాలో హైదరాబాదు వ్యాసం తెరిచి అడ్రసు చూస్తే ముచ్చటగా తెలుగులోనే కనబడుతుంది. కాపీ చేసి వాట్సాప్‌లో వేయగానే శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసి చీమల బారులా వస్తుంది. వెబ్ అడ్రసులు తెలుగు అక్షరాల్ని నేరుగా మోసుకెళ్లవు. ప్రతి గుర్తునీ మూడు బైట్లుగా విడగొట్టి, ఒక్కో బైటుకి ఒక శాతం గుర్తు, వెనక రెండక్షరాలు రాస్తాయి. అంటే ఒక్క గుర్తుకి తొమ్మిది అక్షరాలు. హైదరాబాదు అన్న మాటలో ఐత్వం, దీర్ఘాలు, కొమ్ము విడివిడిగా లెక్కేస్తే తొమ్మిది గుర్తులు, కాబట్టి 81 అక్షరాలు. ముందున్న సైటు పేరుతో కలిపితే 111. ఒక్క ఊరి పేరుకే ఇంత అయితే ఇక శీర్షికలో ఆరేడు మాటలున్న వార్త లింకు సంగతి మీరే ఊహించుకోండి.

దీనికి ఒక చిట్కా ఉంది. కంప్యూటర్లో క్రోమ్ వాడుతుంటే అడ్రసు మొత్తం సెలెక్ట్ చేయకుండా, మొదటి ఒక్క అక్షరం వదిలేసి మిగతాది కాపీ చేయండి, తెలుగు తెలుగుగానే వస్తుంది. వదిలేసిన అక్షరాన్ని అతికించాక చేత్తో కొట్టుకోవాలి. వికీపీడియా, దాని సోదర ప్రాజెక్టులకైతే వికీమీడియా వాళ్లదే పొట్టి లింకు సర్వీసు ఉంది, డబ్ల్యూ డాట్ వికీ, 2019 నుంచి నడుస్తోంది. అది వాళ్ల సొంత సైట్లకి మాత్రమే పనిచేస్తుంది, బయటి లింకులు తీసుకోదు. అందుకే దుర్వినియోగం కూడా తక్కువ. తెలుగు వికీలో రాసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి, బయటి పొట్టి లింకుల్ని వ్యాసంలో ఆధారంగా ఇస్తే వికీ భద్రపరచనివ్వదు, వాటిని నిషేధ జాబితాలో పెట్టారు.

ఎస్ఎంఎస్ సంగతి ఇంకా ఇరుకు. ఇంగ్లీషు మెసేజీకి 160 అక్షరాలు పడతాయి, అందులో ఒక్క తెలుగక్షరం చేరినా మొత్తం మెసేజీకి పరిమితి 70కి పడిపోతుంది. 111 అక్షరాల లింకు పెడితే లింకుకే రెండు మెసేజీల డబ్బులు. పొట్టి లింకు నిజంగా పనికొచ్చే చోటు అంటే ఇది, ఇంకా కాగితం మీద అచ్చయ్యేవి, ఫోనులో చదివి చెప్పాల్సినవి, క్యూఆర్ కోడ్ లోపల పెట్టేవి.

అది చేసే పని ఏమిటంటే

పొట్టి లింకు సర్వీసు అంటే ఒక పెద్ద రిజిస్టరు. ఎడమ పక్క మీ ఆరేడు అక్షరాల కోడు, కుడి పక్క అసలు అడ్రసు. ఎవరైనా నొక్కినప్పుడు బ్రౌజర్ ముందు వాళ్ల గుమ్మానికి వెళ్తుంది, వాళ్లు రిజిస్టరు చూసి "ఫలానా చోటికి పో" అంటారు. ఆ రిజిస్టరు పోతే, లేదా గుమ్మమే మూసేస్తే, మీ అసలు పేజీ బాగానే ఉన్నా దానికి దారి ఉండదు. కాబట్టి సర్వీసు ఎంచుకోవడమంటే నా లెక్కలో అక్షరాలు ఎంత తగ్గాయన్నది కాదు, ఆ రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది, మన లింకు ఎన్నాళ్లు బతకాలి అన్నదే.

పెద్ద కంపెనీ కదా, వాళ్లది ఎక్కడికి పోతుందిలే అనుకునేవాళ్లకి గూగుల్ కథ చెబుతాను. గూ డాట్ జీఎల్ అని 2009లో మొదలుపెట్టారు, మరుసటేడు అందరికీ తెరిచారు. ఉచితం, వేగం, పైగా గూగుల్, ఇంకేం కావాలి, ప్రభుత్వ ఆఫీసుల నోటీసుల దగ్గర్నుంచి పీడీఎఫ్ పుస్తకాల దాకా అదే. 2018 మార్చిలో ఆపేస్తున్నామన్నారు, 2019 నుంచి కొత్త లింకులు చేయనివ్వలేదు, పాతవి మాత్రం పనిచేస్తాయన్నారు. 2024 జులైలో మాట మార్చి, 2025 ఆగస్టు 25 తర్వాత పాతవి కూడా పనిచేయవన్నారు. గొడవ అయ్యాక, గడువుకి మూడు వారాల ముందు కాస్త వెనక్కి తగ్గి, 2024 చివర్లో ఎవరూ నొక్కని లింకుల్ని మాత్రమే ఆపుతాం, మిగతావి ఉంచుతాం అన్నారు. మ్యాప్స్ షేర్ నుంచి వచ్చేవాటికి ఈ గొడవ వర్తించదు, వాటిని ఉంచుతామన్నారు. అచ్చయిపోయిన పుస్తకంలో ఉన్న లింకుని ఎవరైనా 2024 చివర్లోనే నొక్కాలని రూలు పెడితే ఏం చేస్తాం?

చివర ఉండే రెండక్షరాలు కూడా చూసుకోవాలి. బిట్ డాట్ ఎల్‌వై లో ఎల్‌వై అంటే లిబియా దేశం కోడు. 2010లో ఆ కోడుతోనే నడుస్తున్న ఒక చిన్న పొట్టి లింకు సైటుని, అక్కడి చట్టానికి విరుద్ధమని లిబియా రిజిస్ట్రీ వాళ్లు లాగేసుకున్నారు. బిట్లీకి అలా జరగలేదు, ఇంతవరకూ నిక్షేపంగా ఉంది. ఇంకో దేశం రూలు మీద మన పెళ్లికార్డు ఆధారపడి ఉందన్నది మాత్రం తెలిసి ఉండాలి కదా.

ఇక సర్వీసులు

టైనీయూఆర్ఎల్ వీటన్నింటికీ పెద్దన్న. కెవిన్ గిల్బర్ట్‌సన్ అని అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం అతను, ఒంటి చక్రం సైకిలు పిచ్చి, ఆ సైకిళ్ల చర్చల్లో పంపే లింకులు పొడుగై మధ్యలో తెగిపోతున్నాయని 2002 జనవరిలో దీన్ని మొదలుపెట్టాడు. 2009 దాకా ట్విటర్ కూడా దీన్నే వాడింది. లాగిన్ లేకుండా లింకు అతికించి పొట్టిది తీసుకోవచ్చు, ఖాళీగా ఉంటే మనకి నచ్చిన పేరు కూడా పెట్టుకోవచ్చు. ఎంతమంది నొక్కారన్న లెక్కలు, గమ్యం తర్వాత మార్చుకోవడం కావాలంటే డబ్బులు కట్టాలి. పేరే కాస్త పొడుగు, అయినా ఇన్నేళ్లుగా ఆగకుండా నడవడం అన్నదానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఒక్కసారి పంపి వదిలేసే లింకుకి ఇది చాలు.

ఈజ్ డాట్ జీడీ చాలామందికి తెలియదు కానీ నాకు ఇష్టం. ఖాతా అక్కర్లేదు, పేజీ తెల్లగా బోసిగా ఉంటుంది, అతికించి నొక్కితే పేరు వెనక ఆరక్షరాలున్న చిన్న లింకు చేతిలో పెడుతుంది, సొంత పేరు పెట్టుకునే వీలు కూడా ఉంది. దానికే వీ డాట్ జీడీ అని చెల్లెలు సైటు, అది నేరుగా తీసుకెళ్లకుండా "మీరు ఫలానా చోటికి వెళ్తున్నారు" అని ముందు చూపిస్తుంది, అనుమానపు జీవులకి పంపడానికి బాగుంటుంది. లోటు ఏమిటంటే ఒకసారి చేశాక మార్చడానికి లేదు. తప్పు లింకు పెడితే తప్పే.

బిట్లీ అందరికీ తెలిసిందే, 2008 నుంచి ఉంది, ట్విటర్ దీన్ని వాడటం మొదలుపెట్టాక దశ తిరిగింది. క్లిక్కుల లెక్కలు చక్కగా చూపిస్తుంది, ఏ దేశం నుంచి, ఏ సైటు నుంచి వచ్చారు అని. మార్కెటింగ్ వాళ్ల కోసం చేసిన సరుకు ఇది, ధరలూ అలాగే ఉంటాయి. ఉచిత ప్లాను ఏటికేడు సన్నబడుతూ వచ్చింది, ఇప్పుడు నెలకి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని లింకులే. పైగా ఉచిత ఖాతా లింకు నొక్కితే అసలు పేజీకి ముందు వాళ్ల సొంత పేజీ అడ్డొచ్చే అవకాశం ఉంది, అక్కడ పెద్దవాళ్లు తికమకపడి వెనక్కి వచ్చేస్తారు. డబ్బు కట్టే కంపెనీకైతే మంచిదే, నాకూ మీకూ దీని అవసరం పెద్దగా లేదు.

రీబ్రాండ్లీ, షార్ట్ డాట్ ఐఓ, డబ్, ఈ మూడూ వేరే జాతి. వీటి గొప్ప ఏమిటంటే మీ సొంత డొమైన్, అంటే మీరు కొనుక్కున్న సైటు పేరు, తగిలించుకోవచ్చు, కొన్నిచోట్ల ఉచిత ప్లానులో కూడా, ఇన్ని లింకులే అన్న పరిమితితో. ఆ పరిమితులు మారుతూనే ఉంటాయి కాబట్టి చేరేముందు ధరల పేజీ చూసుకోండి. ముఖ్యంగా మూడు చూడండి: గమ్యం మార్చుకోవడం ఉచితంలో ఉందా, డబ్బు కట్టడం ఆపితే పాత లింకులు ఉంటాయా, మొత్తం జాబితా ఎక్సెల్‌లాంటి ఫైలుగా దించుకోనిస్తారా. రెండో దానికి జవాబు సూటిగా రాసి లేకపోతే నేను వెనక్కి వచ్చేస్తాను. పెళ్లికార్డు నేర్పిన పాఠం మరి.

సొంత హోస్టింగ్, అంటే సైటు పెట్టుకోవడానికి అద్దె జాగా, ఉన్నవాళ్లకి యోర్ల్స్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉంటే చాలు, అంటే చవక హోస్టింగ్‌లో కూడా నడుస్తుంది. రిజిస్టరు మన ఇంట్లోనే ఉంటుందన్నమాట. అయితే ఒక షరతు, లింకులు చేసే పేజీని ఊరందరికీ తెరిచి పెట్టకండి. రెండు రోజుల్లో మోసగాళ్లు కనిపెట్టి వాళ్ల చెత్త లింకులన్నీ మీ పేరు మీద చేస్తారు, మీ డొమైన్ నల్ల జాబితాలోకి పోతుంది.

ఇక నొక్కితే డబ్బులిస్తామనే సర్వీసులు. టెలిగ్రామ్‌లో ఉద్యోగ నోటిఫికేషన్లు, మెటీరియల్ పీడీఎఫ్‌లు పెట్టే చానళ్లలో వీటిని చూసే ఉంటారు, నొక్కితే పది సెకన్లు ఆగమంటుంది, తర్వాత కిందకి జరపమంటుంది, మూడు డౌన్‌లోడ్ బటన్లలో రెండు బొంకు. గ్రూప్స్‌కి చదువుకునే పిల్లాడు ఒక పీడీఎఫ్ కోసం ఇన్ని గడపలు తొక్కాలా? నన్నడిగితే వాటి జోలికి పోవద్దు, పెట్టేవాళ్లైనా నొక్కేవాళ్లైనా.

సొంత పేరుతో చేసుకునే పద్ధతి

అచ్చు వేసేది ఏదైనా సరే, అంటే కరపత్రం, విజిటింగ్ కార్డు, షాపు బోర్డు, పుస్తకం, దానికి నేనిప్పుడు సొంత డొమైనే వాడతాను. సంవత్సరానికి మామూలుగా కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది. చివర 'డాట్ ఇన్' ఉన్నది తీసుకోండి, మనవాళ్లకి అలవాటైనది. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది నుంచి వాయించే చోట్లుంటాయి, కాబట్టి రెన్యువల్ ధర చూసి కొనండి.

పేరు కొన్నాక రెండు దారులు. పైన చెప్పిన రీబ్రాండ్లీ, షార్ట్ డాట్ ఐఓ, డబ్‌లలో ఒకదాంట్లో ఖాతా తెరిచి, డొమైన్ కలుపు అన్నచోట మీ పేరు ఇస్తే వాళ్లు ఒకటో రెండో లైన్లు ఇస్తారు, వాటిని మీరు డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో (ఆ పేరు కొడితే ఎక్కడికి పోవాలో రాసి ఉండే చోటు) అతికించాలి. కొద్దిసేపట్లో పని అవుతుంది, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది, టెన్షన్ పడక్కర్లేదు. రేపు ఆ సర్వీసు మూతపడినా పేరు మీదే కదా, దించుకున్న జాబితా తీసుకెళ్లి ఇంకోచోట పెట్టుకుంటే పాత లింకులన్నీ మళ్లీ లేస్తాయి. రెండో దారి, మీకు వర్డ్‌ప్రెస్ సైటు ఇప్పటికే ఉంటే కొత్త డొమైను కూడా అక్కర్లేదు, రీడైరెక్షన్ అనే ఉచిత ప్లగిన్ వేసుకుని, మీ సైటు పేరు తర్వాత స్లాష్ పెట్టి చిన్న మాట, దానికి గమ్యం ఇచ్చేస్తే అయిపోయింది. ఎవరినీ అడిగే పనిలేదు.

అక్కడ 301 కావాలా 302 కావాలా అని అడుగుతుంది. 301 అంటే శాశ్వతం, బ్రౌజర్ గుర్తుపెట్టేసుకుని తర్వాతిసారి మిమ్మల్ని అడక్కుండానే పాత చోటికి పోవచ్చు. 302 అంటే తాత్కాలికం, గమ్యం ఎప్పుడైనా మార్చే ఆలోచన ఉంటే అదే పెట్టుకోండి. నేను అన్నింటికీ 302 పెడతాను, హాలు మారదని ఎవరు చెప్పగలరు.

పేరు పెట్టడంలో ఒక తెలుగు చిక్కు ఉంది. లింకు చివర తెలుగులోనే మాట పెడదామనిపిస్తుంది, పెట్టారంటే ఇందాకటి చీమల బారు మళ్లీ మొదలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట పెడితే ఇంకో గోల, పెళ్లి అన్నదాన్ని ఒకరు ఒక ఎల్‌తో రాస్తారు, ఇంకొకరు రెండు వేస్తారు, చివర ఐ పెట్టేవాళ్లు కొందరు, వై పెట్టేవాళ్లు కొందరు. శ్రీనివాస్ అన్న పేరుకి మా వీధిలోనే మూడు స్పెల్లింగులున్నాయి. అందుకని రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి: అందరూ ఒకేలా రాసే మాట, మ్యాప్, ఫోటో, బిల్ లాంటిది, లేదంటే వీలైన స్పెల్లింగులన్నీ ఒకే గమ్యానికి తిప్పేయడం. సొంత డొమైనైతే రెండోది నిమిషాల పని. సున్నా, ఓ అక్షరం, ఒకటి, చిన్న ఎల్, పెద్ద ఐ, వీటిని అచ్చులో వాడొద్దు, బిట్లీలాంటి చోట్ల పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా లెక్కే కాబట్టి వాళ్లిచ్చిన కోడుని కాగితం మీద వేస్తే సగం మంది తప్పు కొడతారు. పెట్టిన పేరుని ఫోనులో ఎవరికైనా చదివి వినిపించి, వాళ్లు ఒకేసారికి సరిగ్గా కొట్టారా లేదా చూడండి. నేను మా అమ్మ మీద ప్రయోగిస్తాను.

క్యూఆర్ గురించి

క్యూఆర్ కోడ్‌కి గడువు ఉండదు. అది కేవలం అక్షరాల బొమ్మ, లోపల ఏ లింకు ఉంటే అదే. గడువు ఉండేది లోపల ఉన్న మధ్యవర్తి లింకుకి. 'డైనమిక్' అని అమ్మేదంతా ఇదే, బొమ్మలో వాళ్ల పొట్టి లింకు పెట్టి, తాళం వాళ్ల దగ్గర ఉంచుకోవడం. తీసుకున్న క్యూఆర్‌ని ఫోనుతో స్కాన్ చేసినప్పుడు తెరవకుండా ముందు ఆ అడ్రసు చదవండి, మీరు ఇచ్చిన లింకే కనిపిస్తే సరే, ఎవరిదో తెలియని పేరు కనిపిస్తే అది డైనమిక్ బాపతు. క్రోమ్‌లోనే షేర్ మెనూలో క్యూఆర్ చేసే వీలుంది, అది నేరుగా అసలు లింకుతోనే చేస్తుంది, ఉచితం, ఎప్పటికీ పనిచేస్తుంది.

లింకు పొట్టిగా ఉంటే క్యూఆర్ కూడా తేలికవుతుంది. 25 అక్షరాల లింకైతే తక్కువ దిద్దుబాటు స్థాయిలో (బొమ్మ కొంత చెరిగినా చదవగలిగేలా ఉంచే అదనపు గళ్లు తక్కువగా పెడితే) పక్కకి 25 గళ్లతో సరిపోతుంది, 250 అక్షరాలదైతే పక్కకి 57 గళ్లు కావాలి. అదే అంగుళం జాగాలో గళ్లు రెట్టింపుకన్నా ఎక్కువైతే గరుకు కార్డు మీద, బంగారు రంగు సిరాతో, స్కాన్ అవడం దైవాధీనం. నల్ల సిరా, తెల్ల నేల, చుట్టూ కాస్త ఖాళీ, ప్రెస్సు వాళ్లు అందం కోసం మార్చమన్నా మార్చొద్దు.

జాగ్రత్తలు

పొట్టి లింకు అంటే తాళం కాదు. గూగుల్ డ్రైవ్‌లో లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు అని పెట్టిన ఫైలుకి పొట్టి లింకు చేస్తే, ఆ కోడుని ఊహించి కొట్టి చూసేవాళ్లుంటారు. 2016లో అమెరికాలోని కార్నెల్ టెక్ పరిశోధకులు సరిగ్గా అదే చేశారు, ఐదారక్షరాల కోడుల్ని పెద్ద ఎత్తున కొట్టి చూసి జనాలు మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న ఫైళ్లు, మ్యాపులో ఇంటి నుంచి ఆసుపత్రికి వేసుకున్న దారులు బయటికి లాగి చూపించారు. ఆరక్షరాలకి 5,680 కోట్ల కలయికలు వస్తాయి, మనిషికి అది సముద్రం, కంప్యూటర్లకి కాదు. ఆధార్ కాపీలు, మార్కుల లిస్టులు, మెడికల్ రిపోర్టులు లాంటివి పొట్టి లింకుతో పంపకండి, ఎవరికి పంపాలో వాళ్ల మెయిలు పేరుతో అనుమతి ఇచ్చి పంపండి.

మీకు వచ్చినవైతే నొక్కకుండా చూసే దారులున్నాయి. బిట్లీ లింకు చివర ప్లస్ గుర్తు, ఈజ్ డాట్ జీడీ లింకు చివర మైనస్ గుర్తు చేర్చి తెరిస్తే ఎక్కడికి పోతుందో చూపిస్తాయి. టైనీయూఆర్ఎల్‌కి పేరు ముందు ప్రివ్యూ అని చేర్చి చుక్క పెట్టాలి. ఇంకేదైనా అయితే వైరస్‌టోటల్ సైటులో అతికిస్తే తనిఖీ చేసి గమ్యం కూడా చెబుతుంది. పెళ్లి పిలుపు, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే లింకు చివరికి ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించేది) దించమంటే అది పిలుపు కాదు, దోపిడీ. డబ్బు పోయిందంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

వ్యాపారానికి ఎస్ఎంఎస్‌లు పంపేవాళ్లకి ఒక మాట. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి, ముందుగా నమోదు చేయించని లింకులున్న మెసేజీల్ని టెలికాం కంపెనీలు ఆపేస్తున్నాయి. అందరూ వాడే పొట్టి లింకు పెట్టి బల్క్ మెసేజి కొడితే చేరుతుందన్న ఆశ పెట్టుకోకండి, మీ సొంత డొమైను నమోదు చేయించుకుని అదే వాడండి.

చేసిన ప్రతి లింకునీ ఒక షీటులో రాసుకుంటాను నేను: పొట్టిది, అసలుది, ఎక్కడ అచ్చయింది, డొమైన్ రెన్యువల్ ఏ తేదీ. సంక్రాంతి సెలవుల్లో ఒకసారి కూర్చుని అన్నీ నొక్కి చూస్తాను, అరగంట పని. రెన్యువల్ మెయిలు మీరు రోజూ చూసే అడ్రసుకే వచ్చేలా పెట్టుకోండి, డొమైన్ కొన్నప్పుడు ఇచ్చిన పాత మెయిలుకి కాదు.

మొన్న మా పెదనాన్న షష్టిపూర్తి కార్డు కూడా నేనే చేశాను. ప్రెస్సుకి పంపేముందు ఒక్క కార్డు తీయించి, మా ఇంట్లో ఉన్నవాటిలో పాత ఫోను ఏదో చూసి, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద, వేరేవాళ్ల లాగిన్‌తో స్కాన్ చేయించాను. తెరుచుకుంది. ఆయనకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "రెండు వారాలాగి మళ్లీ చూద్దాంలే" అన్నారు.